ఫ్లక్స్ సున్నా, ఫీల్డ్ మాత్రం సున్నా కాదు: వరిమడి గట్టు మీద గాస్ నియమం

సెకండియర్‌లో స్థిరవిద్యుత్ పాఠం మొదలుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో బోర్డు మీద ఒక అట్టడబ్బా గీస్తాను. డబ్బా ఖాళీ. బయట, పక్కనే ఒక ప్లస్ ఛార్జ్. "ఈ డబ్బా మొత్తం మీద ఫ్లక్స్ ఎంత?" అంటే క్లాసంతా ఒక్క గొంతుతో "సున్నా మేడమ్" అంటుంది. కరెక్టే. "మరి డబ్బా లోపల ఫీల్డ్ ఎంత?" అంటాను. మళ్లీ అదే గొంతు, అదే ఊపు: "సున్నా మేడమ్." ఇది తప్పు. ఏటా తప్పే. ఒక్కోసారి వెనక బెంచీలో ఒక పిల్ల మాత్రం నోరు మెదపకుండా అనుమానంగా చూస్తుంది. ఆ ఏడాది నాకు కాస్త ధైర్యం.

ఫీల్డ్ అంటే ఒక చోట ఛార్జ్ పెడితే దాన్ని నెట్టే బలం లెక్క, ఫ్లక్స్ అంటే ఒక తలాన్ని దాటి మొత్తం మీద ఎంత బయటికి పోయిందనే లెక్క. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న గ్యాప్ పూడిస్తే ఈ పాఠంలో సగం పని అయిపోయినట్టే. క్లాసులో దాన్ని ఎలా పూడుస్తానో ఇక్కడ అదే వరసలో రాస్తున్నాను. ఇంటర్ పిల్లలకీ, ఎప్పుడో చదివి మర్చిపోయి ఇప్పుడు ఇంట్లో పిల్లలకు చెప్పాల్సి వచ్చిన తల్లిదండ్రులకీ పనికొస్తుంది. తెల్లకాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. గీయకుండా ఊరికే చదివితే ఇది ఒంటబట్టదు.

పిల్లల్ని అనడం ఎందుకు, నేనూ అదే బాపతు. నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఫార్ములాల కాగితం ఒకటి చేతికిచ్చి బట్టీ పట్టించారు. "ఫ్లక్స్ ఈజ్ ఈక్వల్ టు క్యూ బై ఎప్సిలాన్ నాట్." నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మార్కులూ వచ్చాయి. కానీ ఆ క్యూ (అంటే ఛార్జ్) ఏ క్యూ, లోపలిదా బయటిదా, అని ఎవరైనా అడిగితే మాత్రం టెన్షన్. చివరికి అర్థమైంది డిగ్రీలో. అదీ క్లాసులో కాదు, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా మడిగట్టు మీద.

మడి, బోదె, పీత బొరియ

మాది కోనసీమ. కాలువ నుంచి బోదెలోకి, బోదె నుంచి తూము గుండా మా మడిలోకి నీళ్లొస్తాయి. మా మడి తడిశాక గట్టుకు కొట్టిన గండి గుండా కింది మడిలోకి పోతాయి. నాన్నగారు పొద్దున్నే గట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. మడి మధ్యలోకి దిగేవారు కాదు. తూము దగ్గర వచ్చేదెంత, గండి దగ్గర పోయేదెంత అని చూసి, "అమ్మాయ్, పోయేది తగ్గింది, లోపల ఎక్కడో పీత బొరియ పడింది, వెతుకు" అనేవారు. వెతికితే ఉండేది, గట్టు మొదట్లో భూమిలోకి దిగిపోయి.

లోపలికి దిగకుండా, హద్దు మీద లెక్క మాత్రం చూసి, లోపల ఏముందో చెప్పేయడం! గాస్ నియమం చేసేది అచ్చంగా ఇదే.

కాగితం మీద ఒక మడి గీయండి. గట్టు మన క్లోజ్డ్ సర్ఫేస్, తెలుగు పుస్తకంలో సంవృత తలం. గట్టు దాటి బయటికి పోయే నీళ్లకు ప్లస్, లోపలికి వచ్చే నీళ్లకు మైనస్. గట్టంతా ఒక చుట్టు తిరిగి కూడితే వచ్చేది ఫ్లక్స్. మడి మధ్యలో బోరు ఉంటే వచ్చిన దానికన్నా పోయేది ఎక్కువ, అది ప్లస్ ఛార్జ్. బొరియ ఉంటే పోయేది తక్కువ, అది మైనస్ ఛార్జ్. రెండూ లేకపోతే వచ్చినంతా పోతుంది, కూడిక సున్నా.

ఇప్పుడు ఆ కూడిక సున్నా అయిన మడిలో ఒక ఎండుగడ్డి పరక వేయండి. నిలబడి ఉంటుందా? తూము దగ్గర వేస్తే మెల్లగా గండి వైపు కొట్టుకుపోతుంది. నీళ్లు కదులుతూనే ఉన్నాయి. ఆ కదలికే ఫీల్డ్. బోర్డు మీది అట్టడబ్బా కూడా ఇంతే: బయటి ఛార్జ్ నుంచి బయల్దేరిన గీతలు (ఫీల్డ్ ఎటు ఉందో చూపే బలరేఖలు) ఒక వైపు నుంచి లోపలికి దూరి ఇంకో వైపు నుంచి బయటికి పోయాయి. దూరినన్ని పోయాయి కాబట్టి ఫ్లక్స్ సున్నా. లోపల గీతలు ఉన్నాయి కాబట్టి ఫీల్డ్ ఉంది.

ఒక్క జాగ్రత్త. విద్యుత్ క్షేత్రంలో నిజంగా ఏదీ ప్రవహించదు. ఫ్లక్స్ అనే మాట లాటిన్‌లో ప్రవాహం నుంచే పుట్టింది, మన పుస్తకంలోని "అభివాహం" కూడా అదే అర్థంతో వచ్చింది, కానీ పోలిక పోలికే. ఈ పోలిక వాడుకున్నందుకు సిగ్గుపడక్కర్లేదు. ఫారడే గీసిన బలరేఖల్ని గణితంలోకి తేవడానికి 1855-56లో మాక్స్‌వెల్ అంతటివాడు కూడా ఊహాద్రవం ఒకటి గొట్టాల్లో పారుతున్నట్టు అనుకునే మొదలుపెట్టాడు. పని అయ్యాక ఆ ద్రవాన్ని పక్కన పెట్టేశాడు. మనమూ అలాగే పెట్టేద్దాం.

ముందు ఫీల్డ్ గీయడం నేర్చుకోండి

ఫ్లక్స్ లెక్కకు తొందరపడి ఫీల్డ్‌ను దాటేస్తారు. అక్కడే దెబ్బతింటారు.

ఒక ప్లస్ ఛార్జ్ గీసి, దాని చుట్టూ ఓ పది చోట్ల చుక్కలు పెట్టండి. ఒక్కో చుక్క దగ్గర ఒక చిన్న ప్లస్ ఛార్జ్‌ను పెడితే ఎటు నెట్టుకుపోతుందో అటు బాణం వేయండి. దగ్గర చుక్కకు పొడుగు బాణం, దూరపు చుక్కకు పొట్టి బాణం. ఫీల్డ్ అంటే ఈ బాణాల గుంపే: ఒక్కో చోట, ఒక్కో కూలుంబ్‌కు ఎన్ని న్యూటన్ల బలం, ఎటు వైపు. అక్కడ ఛార్జ్ పెట్టినా పెట్టకపోయినా బాణం ఉంటుంది.

బాణాల్ని కలుపుతూ పోతే బలరేఖలు వస్తాయి. ప్లస్ దగ్గర మొదలు, మైనస్ దగ్గర ఆఖరు. ఛార్జ్ రెట్టింపైతే గీతలూ రెట్టింపు. గీతలు దట్టంగా ఉన్న చోట ఫీల్డ్ ఎక్కువ. రెండు గీతలు ఎక్కడా అడ్డం పడవు, పడితే ఆ చోట ఛార్జ్ ఎటు పోవాలో తేలదు కదా. ఇక్కడ ఇంకో మామూలు పొరపాటు ఉంది: వంకర గీత మీద ఛార్జ్‌ను వదిలితే ఆ గీత వెంటే రైలులా పోతుందనుకుంటారు. పోదు. గీత చెప్పేది ఆ చోట బలం ఎటు అని మాత్రమే. వేగం అందుకున్న ఛార్జ్ మలుపులో గీత తప్పి అవతలికి జారుతుంది.

గీతలు కళ్లతో చూడాలని ఉంటే కాలేజీ ల్యాబ్‌లో చేయించుకోండి. గాజు పళ్లెంలో పలచగా ఆముదం పోసి, పైన బొంబాయి రవ్వ చల్లి, రెండు లోహపు కొనలు ముంచి, వాటిని చక్రం తిప్పితే ఛార్జ్ పుట్టించే వింషర్స్ట్ యంత్రానికి కలుపుతారు. చక్రం తిప్పుతుంటే ఉప్మా రవ్వ కాస్తా ఒక కొన నుంచి రెండో కొనకు వంకరగా బారులు తీరుతుంది. ఒక్కో రవ్వ గింజకు ఒక చివర ప్లస్, ఒక చివర మైనస్ తేలి, అవి ఫీల్డ్ వైపు తిరిగి తలా తోకా పట్టుకుంటాయి. పుస్తకంలోని ద్విధ్రువం (ప్లస్-మైనస్ జంట) బొమ్మ పళ్లెంలో ప్రత్యక్షం. దీనికి వేల వోల్టులు కావాలి కాబట్టి ఇంట్లో వద్దు. ముఖ్యంగా దోమల బ్యాట్ విప్పి చేసే తెలివితేటలు వద్దు. స్విచ్ ఆపాక కూడా అందులోని కెపాసిటర్ ఛార్జ్ పట్టుకునే ఉంటుంది.

ఇంట్లో చేయగలిగింది దువ్వెన, కాగితం ముక్కలు. కానీ రోజు చూసుకుని చేయండి. ఒక జూలైలో నేను క్లాసులో గొప్పగా దువ్వెన తీసి జుట్టుకు రుద్ది కాగితాల మీద పెడితే ఒక్క ముక్క కూడా కదల్లేదు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. మా వైపు వానాకాలం గాలిలో ఉండే తేమకు దువ్వెన మీది ఛార్జ్ నిమిషాల్లో కారిపోతుంది. జనవరి పొడిగాలిలో, నూనె లేని జుట్టుతో చేస్తే అదే దువ్వెన ముక్కల్ని ఎగరేసి లాక్కుంటుంది. కాగితానికి ఛార్జే లేదు కదా, ఎందుకు లాగుతుంది? ముక్కలో దువ్వెన వైపు అంచుకు ఎదురు ఛార్జ్, అవతలి అంచుకు అదే ఛార్జ్ తేలతాయి. దగ్గర అంచు దగ్గర ఫీల్డ్ ఎక్కువ, దూరపు అంచు దగ్గర తక్కువ. లాగుడు నెగ్గుతుంది. ఫీల్డ్ అన్ని చోట్లా ఒకేలా ఉంటే లాగుడూ నెట్టుడూ సరిపోయి ముక్క అక్కడే ఉండేది.

అట్టకు గుచ్చిన పెన్సిల్

ఇప్పుడు ఫ్లక్స్. పరీక్ష అట్ట తీసుకోండి. దాని మీద ఒక పెన్సిల్‌ను నిటారుగా పట్టుకోండి. ఆ పెన్సిలే వైశాల్య సదిశ, ఏరియా వెక్టర్. అట్ట ఎటు తిరిగితే పెన్సిల్ అటు తిరుగుతుంది. సూత్రంలో ఉండే థీటా ఫీల్డ్‌కూ పెన్సిల్‌కూ మధ్య కోణం. అట్టకూ ఫీల్డ్‌కూ మధ్యది కాదు.

ఎంట్రన్స్ పేపర్లు పట్టేది ఈ పిలకనే. ఫీల్డ్ కూలుంబ్‌కు 2000 న్యూటన్లు, చదరపు పలక భుజం 20 సెంటీమీటర్లు. వైశాల్యం 0.04 చదరపు మీటర్లు. పలక ఫీల్డ్‌కు అడ్డంగా నిలబడితే ఫ్లక్స్ 2000 × 0.04 = 80. "పలక తలం ఫీల్డ్‌తో 30 డిగ్రీలు చేస్తోంది" అని ఇచ్చారనుకోండి. కాస్ 30 వేసి 69 అని రాసి వచ్చేస్తారు. పెన్సిల్ చూడండి: అది ఫీల్డ్‌తో 60 డిగ్రీలు చేస్తోంది. కాస్ 60 అంటే సగం, జవాబు 40.

ఇక వంకర తలాలు. అర్ధగోళం ఇచ్చి, ఒకే తీరు ఫీల్డ్ దాని అడుగు వృత్తానికి నిటారుగా ఉంది, ఒంపు మీద ఫ్లక్స్ ఎంత అంటే ఇంటిగ్రేషన్ మొదలుపెట్టకండి. గాలి లేని వాన నిట్టనిలువుగా పడుతోందనుకోండి, గొడుగు వేసుకున్నారు. గొడుగు మీద పడే వాన ఎంత? గొడుగు గుడ్డ వైశాల్యం ఎంతన్నది అనవసరం, కింద నేల మీద పొడిగా మిగిలిన వృత్తం ఎంతో అంత. కాబట్టి జవాబు ఫీల్డ్ × పై ఆర్ స్క్వేర్. 2 పై ఆర్ స్క్వేర్ కాదు. మూసిన తలాల విషయంలో మాత్రం ఒక ఒప్పందం గుర్తుంచుకోండి: పెన్సిల్ ఎప్పుడూ బయటి వైపే చూడాలి.

ఒకే లెక్క మూడు దూరాల్లో

ఫార్ములాను నమ్మొద్దు, అంకెలు వేసి చూడండి. ఒక చిన్న గుండు మీద 10 నానోకూలుంబుల ఛార్జ్ ఉందనుకుందాం. దాని నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఫీల్డ్ 9000. 20 సెంటీమీటర్లలో 2250. 30లో 1000. దూరం రెట్టింపైతే నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు. 1785లో కూలుంబ్ మెలిపడే తీగ త్రాసుతో తేల్చిన నియమం ఇది.

ఇప్పుడు ఒక్కో దూరంలో గుండు చుట్టూ ఒక ఊహాగోళం చుట్టండి. వాటి పైవైశాల్యాలు వరసగా 0.1257, 0.5027, 1.131 చదరపు మీటర్లు. ఫీల్డ్‌తో గుణించండి. 9000 × 0.1257 = 1131. 2250 × 0.5027 = 1131. 1000 × 1.131 = 1131.

ఈ మూడో 1131 వచ్చినప్పుడు క్లాసులో కనీసం ఇద్దరి మొహాలు వెలుగుతాయి. ఆ వెలుగు కోసమే క్యాలిక్యులేటర్ ఇవ్వకుండా చేతితో చేయిస్తాను. ఫీల్డ్ ఏ లెక్కన తగ్గుతోందో గోళం వైశాల్యం అదే లెక్కన పెరుగుతోంది, లబ్ధం కదలదు. ఆ 1131 ఏమిటి? 10 నానోకూలుంబుల్ని ఎప్సిలాన్ నాట్ అనే స్థిరాంకం, అంటే 8.854 × 10⁻¹² తో భాగిస్తే 1129. 1131కీ 1129కీ ఉన్న తేడా, ఫీల్డ్ లెక్కలో వాడిన కూలుంబ్ స్థిరాంకాన్ని 8.99 × 10⁹ బదులు 9 × 10⁹ అని సర్దుకోవడం వల్ల వచ్చింది. గోళం బదులు బంగాళాదుంప ఆకారం చుట్టినా అదే వస్తుంది, గుండు నుంచి బయల్దేరిన గీతలు ఏ ఆకారాన్నయినా దాటి పోవాల్సిందే కదా.

ఇదే గాస్ నియమం: మూసిన తలం మీద మొత్తం ఫ్లక్స్ = లోపలి ఛార్జ్ ÷ ఎప్సిలాన్ నాట్. లాగ్రాంజ్ 1773లోనే ఇలాంటిది కనిపెట్టాడు. గాస్ 1835లో రాసుకున్నాడు, అచ్చయింది ఆయన పోయాక 1867లో.

ఇక్కడ ఆగి ఒక వాక్యం నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాసుకోమంటాను. కుడివైపు ఛార్జ్ లోపలిది మాత్రమే. ఎడమవైపు ఫీల్డ్ లోకంలో ఉన్న ఛార్జ్‌లన్నిటిదీ. మడిలో గడ్డిపరకను తోసే నీళ్లు కాలువవి కూడా, మీ బోరువి మాత్రమే కాదు. ఒక ప్లస్, అంతే మైనస్ ఉన్న జంటను డబ్బాలో పెడితే ఫ్లక్స్ సున్నా. ఆ రెంటి నడుమ ఫీల్డ్ మాత్రం దంచేస్తుంటుంది.

లడ్డూకి కుదురుతుంది, గరిటెకి కుదరదు

గాస్ నియమం ప్రతి వస్తువుకీ నిజమే. ఫీల్డ్ కనుక్కోవడానికి మాత్రం సౌష్ఠవం ఉన్న వాటికే పనికొస్తుంది. లడ్డూకి సమంగా ఛార్జ్ ఎక్కిస్తే, ఎటు తిప్పినా లడ్డూ లడ్డూలాగే ఉంటుంది కాబట్టి చుట్టూ గోళం వేస్తే దాని మీద అన్ని చోట్లా ఫీల్డ్ ఒక్కటే. ఒకే ఒక్క తెలియని సంఖ్య, ఒకే సమీకరణం. గరిటెకు ఛార్జ్ ఎక్కిస్తే మొత్తం ఫ్లక్స్ తెలుస్తుంది కానీ అది కాడ దగ్గర ఎంత, గుంట దగ్గర ఎంత అని విడదీయలేం.

కాబట్టి లెక్క చూడగానే అడగాల్సింది "ఇది ఏ ఫార్ములా" అని కాదు, "దీన్ని ఎలా తిప్పినా, జరిపినా మారకుండా ఉంటుంది" అని. గోళమైతే గోళం చుట్టండి. పొడుగాటి తీగ అయితే తీగ చుట్టూ డబ్బాలాంటి స్థూపం. స్థూపం మూతల మీద ఫ్లక్స్ లేదు, అక్కడ గీతలు మూత వెంబడి పాకుతాయే తప్ప దాన్ని దాటవు. దూరం రెట్టింపైతే స్థూపం ఒంటి వైశాల్యం కూడా రెట్టింపే, నాలుగింతలు కాదు. అందుకే తీగ ఫీల్డ్ దూరంతో సగమవుతుంది, పావు కాదు. పెద్ద పలక అయితే గీతలు విచ్చుకోవడానికి చోటే లేదు, రెండు వైపులా నిటారుగా పోతాయి. కాబట్టి దగ్గరున్నంత సేపు, అంచులకు దూరంగా ఉన్నంత సేపు, ఫీల్డ్ దూరంతో మారదు.

పలక దగ్గర రెండు ఫార్ములాలు పిల్లల్ని ఏడిపిస్తాయి. సిగ్మా అంటే చదరపు మీటరుకు ఉన్న ఛార్జ్. పలచని బంధక పలకకు సిగ్మా బై 2 ఎప్సిలాన్ నాట్, లోహపు ఉపరితలానికి సిగ్మా బై ఎప్సిలాన్ నాట్. ఆ 2 ఎక్కడికి పోయింది? పలక మీది గీతలు సగం ఇటు, సగం అటు. లోహంలో లోపలి వైపు ఫీల్డ్ ఉండదు కాబట్టి గీతలన్నీ బయటికే. చదరపు మీటరుకు ఒక మైక్రోకూలుంబ్ అనుకుంటే పలక దగ్గర సుమారు 56,500, లోహం దగ్గర సుమారు 1,13,000. గీతలు గీస్తే బట్టీ అక్కర్లేదు.

క్యూబ్ మూల దగ్గర ఛార్జ్

ఇది చెప్పకపోతే నన్ను క్షమించరు, ప్రతి మోడల్ పేపర్‌లో ఏదో రూపంలో ఉంటుంది. క్యూబ్ సరిగ్గా మధ్యలో ఒక మైక్రోకూలుంబ్ ఉంటే మొత్తం ఫ్లక్స్ సుమారు 1,13,000. ఆరు ముఖాలు సమానం, ఒక్కోదానికి 18,800. ఇంతవరకు అందరూ చేస్తారు.

ఛార్జ్‌ను ఒక మూలకు జరిపితే? అది లోపలా బయటా అని కొట్టుకోకండి. ఆ మూల చుట్టూ ఇంకో ఏడు క్యూబ్‌లు పేర్చండి, అగ్గిపెట్టెలతో పేర్చినా సరే. ఇప్పుడు ఛార్జ్ పెద్ద క్యూబ్ నట్టనడుమ ఉంది. ఎనిమిదిలో మన క్యూబ్ వాటా ఎనిమిదో వంతు. అందులోనూ ఆ మూలలో కలిసే మూడు ముఖాల మీద ఫ్లక్స్ లేదు, గీతలు వాటి వెంబడే పాకుతాయి. మిగతా మూడూ సమంగా పంచుకుంటాయి. ఒక్కోటి మొత్తంలో 24వ వంతు, సుమారు 4,700. ముఖం మధ్యలో పెడితే ఎన్ని క్యూబ్‌లు కావాలో మీరే చూసుకోండి, రెండే.

భూమి మీద ఎంత ఛార్జ్ ఉంది?

మబ్బులేని రోజున నేల దగ్గర గాలిలో సుమారు మీటరుకు 100 వోల్టుల ఫీల్డ్ (కూలుంబ్‌కు 100 న్యూటన్లు అన్నా ఇదే) ఉంటుంది, కిందికి చూస్తూ. అంటే గీతలు భూమిలోకి దిగుతున్నాయి, భూమి మీద మైనస్ ఛార్జ్ ఉంది. పీత బొరియ అన్నమాట. ఎంత? భూమి వైశాల్యం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే 5.1 × 10¹⁴ చదరపు మీటర్లు. 100తో గుణించి, ఎప్సిలాన్ నాట్‌తో గుణిస్తే దాదాపు నాలుగున్నర లక్షల కూలుంబులు. ఇంట్లో కూర్చుని, కాగితం మీద మూడు అంకెలతో, మొత్తం భూగోళం ఛార్జ్ చెప్పేశాం. గట్టు మీద నిలబడి బొరియ పసిగట్టడం ఇదీ.

"మరి తలకీ పాదానికీ మధ్య 150 వోల్టులుండాలి కదా, షాక్ ఎందుకు కొట్టదు మేడమ్?" అని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా. మన ఒళ్లు వాహకం. మనం నిలబడగానే గీతలు ఒంగి మన తల మీదే వాలతాయి, ఒంటికీ నేలకీ వోల్టేజీ తేడా మిగలదు. గాలి గుండా దిగే కరెంటు కూడా అతి స్వల్పం. కానీ భూమి మొత్తం మీద కలిపితే అది వెయ్యి ఆంపియర్లు దాటుతుంది. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉరుముతున్న మేఘాలు తిరిగి నింపకపోతే ఆ నాలుగున్నర లక్షలు ఖాళీ కావడానికి గంట కూడా పట్టదు.

అట్టడబ్బా పోయి స్టీలు డబ్బా వస్తే

మొదటి డబ్బా దగ్గరికి తిరిగొద్దాం. అట్టడబ్బాలో ఫీల్డ్ ఉంది. అదే స్టీలు డబ్బా, మూతతో సహా, అయితే? ఇప్పుడు లోపల ఫీల్డ్ నిజంగానే సున్నా. పిల్లలు వెంటనే "లోపల ఛార్జ్ లేదు, గాస్ నియమం ప్రకారం" అంటారు. ఆ కారణం అట్టడబ్బాకూ ఉంది కదా, అక్కడెందుకు పనిచేయలేదు? స్టీలులో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. బయటి ఫీల్డ్ వాటిని నెడుతుంది, అవి ఒక పక్క పోగుపడి ఎదురు ఫీల్డ్ కడతాయి. లోహంలో ఫీల్డ్ మిగిలి ఉన్నంత సేపూ నెట్టుడు ఆగదు, కాబట్టి ఫీల్డ్ పోయేదాకా సర్దుకుంటాయి. సెకనులో అతి చిన్న వంతులో అయిపోతుంది. పిడుగుల వానలో కొబ్బరిచెట్టు కింద కన్నా తలుపులు వేసిన కారులో ఉండడం మేలు అనేది ఇందుకే.

డబ్బాకే ఛార్జ్ ఎక్కించినా లోపల అంతే. ఫ్రాంక్లిన్ ఒక వెండి పాత్రకు ఛార్జ్ ఎక్కించి, పట్టుదారంతో ఒక బెండుముక్కను లోపలికి దింపాడు. బయట లాక్కునే పాత్ర లోపల దాన్ని పట్టించుకోలేదు. ఎందుకో తేలక స్నేహితుడు ప్రీస్ట్‌లీకి చెప్పాడు. బోలు గోళం లోపల గురుత్వాకర్షణ ఉండదని న్యూటన్ చూపించిన లెక్క ప్రీస్ట్‌లీకి గుర్తొచ్చింది: అయితే విద్యుత్ బలం కూడా దూరం వర్గానికి విలోమంగానే తగ్గుతూ ఉండాలి! ఆయన అది అచ్చు వేసింది 1767లో, కూలుంబ్ త్రాసుకు పద్దెనిమిదేళ్ల ముందు. ఆ వర్గంలోని 2 సరిగ్గా 2 కాకపోతే మన 1131 మూడు దూరాల్లోనూ ఒక్కలా వచ్చేది కాదు. 1971లో మూసిన లోహపు పెట్టెల్లోనే ఒకదానిలో ఒకటి పెట్టి పరీక్షించారు. దశాంశ బిందువు తరవాత పదిహేను స్థానాల దాకా అది 2 గానే నిలిచింది.

ఇక పిల్లలు తప్పకుండా వేసే చివరి ప్రశ్న. ఛార్జ్‌ను స్టీలు డబ్బా లోపల, గోడలకు తగలకుండా, దారంతో వేలాడదీసి మూత వేస్తే బయటికి ఫీల్డ్ వస్తుందా? ఆగిపోతుందని చాలామంది అంటారు. గట్టు లెక్క వేయండి. డబ్బా బయట ఒక తలం చుడితే లోపల ఛార్జ్ ఉంది, గీతలు బయటికి రావాల్సిందే. ప్లస్ వేలాడుతుంటే డబ్బా లోపలి గోడ మీద అంతే మైనస్ చేరుతుంది, బయటి గోడ మీద అంతే ప్లస్ తేలుతుంది. ఫారడే 1843లో ఐసు బకెట్ ఒకటి తీసుకుని చూపించింది ఇదే. ఇత్తడి గోళాన్ని లోపల ఎటు జరిపినా, చివరికి అడుగుకు తగిలించినా, బయటికి కలిపిన ఎలక్ట్రోస్కోపు (ఛార్జ్ ఉంటే రేకులు విచ్చుకునే పరికరం) రేకులు అంతే విచ్చుకుని ఉన్నాయి.

ఇప్పుడు ఛార్జ్ లోపల వేలాడుతుండగానే డబ్బా బయటి గోడను వేలితో ముట్టుకోండి. బయటి ప్లస్‌ను నేల సర్దేస్తుంది, రేకులు ముడుచుకుంటాయి. వేలు తీసేయండి. ఆ తరవాత, గోడలకు తగలకుండా, ఛార్జ్‌ను దారంతో పైకి లాగేయండి. రేకులకు ఏమవుతుంది? గీతలు గీసి, డబ్బా చుట్టూ ఒక గట్టు కట్టి, మిగిలిన ఛార్జ్ ఏ గుర్తుదో రాసి చూడండి.